పటం, డ్రాగన్ క్వెస్ట్, నా అవివేకం

బొమ్మ ఎంత మెరిస్తే కథ అంత గొప్పదని చాలా ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకంతోనే ఒక వీడియో గేమ్‌ను పైపైన ఆడేసి, మొత్తం చూసేశాననుకున్నాను. అదే నమ్మకంతో మా వాకిట్లోకి వచ్చిన కథను కూర్చోబెట్టకుండా పంపించేశాను. మొదటిది నా వినోదం సంగతి, పోతే పోయింది. రెండోది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండూ ఒకే అవివేకమని తెలిసింది మాత్రం అదే ఆటను వేరే రూపంలో మళ్లీ ఆడినప్పుడే.

ఆట పేరు డ్రాగన్ క్వెస్ట్ 11. జపాన్‌లో 2017లో వచ్చింది, ఇంగ్లిష్‌లో 2018 సెప్టెంబర్‌లో. కథ యూజీ హోరీది, బొమ్మలు అకిరా తొరియామావి, సంగీతం కోయిచి సుగియామాది. 1986లో వచ్చిన మొదటి డ్రాగన్ క్వెస్ట్ నుంచీ ఆ ముగ్గురిదీ ఒకే జట్టు. ఒక్క పూటలో తేలే ఆట కాదిది. నదిలో కొట్టుకొచ్చిన పసిబిడ్డను ఒక పల్లె పెంచుతుంది. పెద్దయ్యాక రాజు దగ్గరికి పోతే, నువ్వే లోకానికి చేటు తెచ్చేవాడివని చెరలో వేస్తారు. అక్కణ్నుంచి తప్పించుకుని, దారిలో ఒక్కొక్కరినీ తోడు చేసుకుంటూ లోకమంతా తిరగాలి. ఆ బిడ్డ పాత్ర మనదే.

మాది జనగామ జిల్లా కొడకండ్ల దిక్కు, పద్మశాలి ఇల్లు. ఉద్యోగం భూపాలపల్లిలో. లాక్‌డౌన్ కాలంలో ఇంట్లో ప్లేస్టేషన్ ముందు కూర్చుని ఈ ఆటను మొదటిసారి పూర్తి చేశాను. అప్పుడు ఆడింది త్రీడీలో. గడ్డి గాలికి ఊగేది, కాలువల మీద ఎండ తళుక్కుమనేది, ముఖ్య పాత్రలకు గొంతు ఉండేది. నేను ఊళ్లలో ఆగి కోటలు చూశాను, సముద్రం చూశాను, సాయంత్రపు ఆకాశం చూశాను. మనుషులు మాట్లాడుతుంటే మాత్రం బటన్ నొక్కి ముందుకు పోయాను. ఊరివాళ్లు ఏదో చెప్పబోతే ఎందుకులే అనుకున్నాను. చివరి యుద్ధం గెలిచి, ఇంతకు మించిన కథ లేదని మిత్రులందరికీ చెప్పాను. నేను పొగిడింది కథను కాదని అప్పటికి నాకు తెలియదు.

ఆ తర్వాత ఒకసారి ఊరికి పోయినప్పుడు కూనపులి వాళ్లు వచ్చారు. పద్మశాలీల ఇళ్లకు వచ్చి కులపురాణం చెప్పేది వాళ్లే. పులినెక్కి తిరిగే భావనారుషి, ఆయన పెళ్లాడిన సూర్యుడి బిడ్డ భద్రావతి, కాలవాసురుడితో యుద్ధం, ఇదంతా పటం మీద చూపిస్తూ రాత్రుళ్లు చెబుతారు. పటం అంటే 3 అడుగుల వెడల్పు, ఒక్కోటి 60 అడుగుల దాకా పొడవు ఉండే బట్ట. దాన్ని రాసేది చేర్యాల నకాషీలు. జనగామ నుంచి సిద్దిపేట పోయే తొవ్వలో ఉంటుంది చేర్యాల. చింతగింజల జిగురు, గంజి, తెల్లసుద్ద కలిపి బట్టకు పట్టించి, ఆరాక ఎర్రటి నేల వేసి, అరలు అరలుగా కథ రాస్తారు. చెప్పేవాళ్లు దాన్ని నిలబెట్టి, ఒక అర అయిపోగానే చుట్టి, ఇంకో అర విప్పుతూ, పుల్లతో చూపిస్తూ మాట, పాట నడిపిస్తారు. కథ చెప్పించుకున్న కులం, చెప్పినవాళ్లకు త్యాగం, అంటే సంభావన, ఇవ్వడం తరాలుగా వస్తున్న ఆనవాయితీ.

బాపుకు కథ పెట్టించాలని ఉంది. నేనే అడ్డుపడ్డాను. "ఇప్పుడెవరు చూస్తరు బాపూ? టీవీల ఇంతకన్న మంచిగ వస్తయి. పైసలిచ్చి పంపిద్దాం" అన్నాను. నోట్లు చేతిలో పెట్టాను. వచ్చినవాళ్లలో పెద్దాయన వాటిని కళ్లకద్దుకుని, "పైసలు సరేనయ్యా, కథ కూసోవాలె గదా" అన్నాడు. మెల్లగానే అన్నాడు. నేను ఇంకొంచెం ఇచ్చాను. ఆయన అడిగింది అది కాదని నాకు తట్టనేలేదు. బాపు ఏమీ అనలేదు, లేచి లోపలికి పోయాడు.

2024 మార్చి 1న తొరియామా చనిపోయారు. ఆ వార్త విన్నాక ఆయన గీసిన మనుషులతో మళ్లీ కొన్నాళ్లు గడపాలనిపించింది. నేను ఆడిన పాత ఆటలో లేని సదుపాయం ఒకటి, ప్లేస్టేషన్‌కు 2020 డిసెంబర్‌లో వచ్చిన కొత్త ప్రతిలో ఉంది. కథంతా టూడీలో, పాతకాలపు 16-బిట్ ఆటల రూపంలో, మొదటి నుంచి చివరిదాకా ఆడొచ్చు. పైనుంచి చూస్తే కనబడే ఊళ్లు, వేలెడంత మనుషులు, చదరపు ముక్కలతో అల్లిన అడవులు. గొంతులు లేవు, మాటలన్నీ కింద పెట్టెలో అక్షరాలుగా వస్తాయి. త్రీడీలో రాక్షసులు దూరం నుంచే కనబడతారు, ఇక్కడ నడుస్తుంటే ఉన్నట్టుండి యుద్ధం మీద పడుతుంది. మధ్యలో త్రీడీకి మారొచ్చు గానీ, ఆ అధ్యాయాన్ని మొదటి నుంచీ ఆడాలి. పాత ఆటలో దాచుకున్నది ఇందులోకి రాదు, అన్నీ కొత్తగా మొదలుపెట్టాల్సిందే. ఇది తక్కువ రకం బొమ్మ, తొందరగా అయిపోతుందనే లెక్కతోనే టూడీని ఎంచుకున్నాను. ఆ పాత బుద్ధి ఇంకా పోలేదు.

మా పాప పక్కన వచ్చి కూర్చుంది. ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కునే వయసు. "డాడీ, ఆమె ఏమంటున్నది?" అని అడిగింది. త్రీడీలో అయితే ముఖాలు, గొంతులు చూసి ఏదో ఒకటి అర్థం చేసుకునేదేమో. ఇక్కడ పెట్టెలో అక్షరాలు తప్ప ఏమీ లేవు. చదివి తెలుగులో చెప్పక తప్పలేదు.

చెప్పడం మొదలుపెట్టాక పని మారిపోయింది. ఎరిక్ దొంగతనాలు చేసి బతికినవాడు, వాడి మాట ఎట్లా ఉండాలి? వెరోనికా మంత్రగత్తె, రాక్షసుడి వల్ల ఒళ్లు చిన్నపిల్లదయింది గానీ నోరు పెద్దదే. ఆమె చెల్లెలు సెరీనా నిదానపు మనిషి. రాబ్ ముసలాయన, ఆయన మాటలకు మా తాత యాస వచ్చి కూర్చుంది. ఒక్కొక్కరికీ ఒక గొంతు పెట్టుకోవాల్సి వచ్చింది. గొంతు పెట్టాలంటే ముందు ఆ మనిషి ఎవరో తెలియాలి. తెలియాలంటే ఊరివాళ్ల మాటలు కూడా వినాలి. మొదటిసారి నేను దాటిపోయిన ప్రతి గుమ్మం దగ్గరా ఈసారి ఆగాను. పాప ఊఁ కొట్టేది. ఊఁ ఆగిపోతే నేను సరిగా చెప్పడం లేదన్నమాట.

కథ మొదట్లో ఒక ఘట్టం ఉంది. చెర నుంచి తప్పించుకున్న నాయకుడు తన పల్లెకు తిరిగొస్తాడు. పల్లె ప్రశాంతంగా ఉంటుంది గానీ ఎవరూ వాణ్ని గుర్తుపట్టరు. వాడు చూస్తున్నది గడిచిపోయిన కాలం. చిన్నప్పటి స్నేహితురాలు ఇంకా పసిపిల్లే. వాణ్ని నదిలోంచి తీసిన తాత మాత్రం నిదానంగా గుర్తుపడతాడు. ఆ కల చెదిరాక చూస్తే ఊరంతా కాలి కూలిపోయి ఉంటుంది. త్రీడీలో ఆ చోట నేను చూసింది శిథిలాల మీది పొగను, వెలుతురును. టూడీలో అక్కడ ఉన్నవి రెండు చిన్న బొమ్మలు, ఎదురెదురుగా. చూడ్డానికి ఇంకేమీ లేదు. తాత మాటలు పాపకు చెప్పాలి. ఇంగ్లిష్ పక్కన పెట్టి, "ఇంత పెద్దగైనవా బిడ్డా" అన్నాను. అనగానే నా గొంతు పట్టేసింది. పాప నా ముఖంలోకి చూసి, "తాత ఇప్పుడు లేడా?" అంది. మొదటిసారి ఆడినప్పుడు నేను ఆ ప్రశ్న దాకా పోనే లేదు.

వెరోనికా లేదని తెలిసే ఘట్టానికి వచ్చేసరికి బాపు మా ఇంట్లోనే ఉన్నాడు, మంచం మీద పడుకుని వింటున్నాడు. చెట్టు కింద ఆమె నిద్రపోతున్నట్టే కనబడుతుంది, దగ్గరికి పోతే మాయమైపోతుంది. పాప, "మళ్లీ లేస్తదా?" అని అడిగింది. ఈ ఆట మూడో భాగంలో నాయకుడు తోడున్న వాళ్లందరినీ వదిలి, ఒక్కడే కాలాన్ని వెనక్కి తిప్పుకుని, ఆమె కోసం అదే కథలోకి మళ్లీ పోతాడు. నాకు అది తెలుసు. చెప్పలేదు, ఆగాను. అప్పుడు బాపు మంచం మీది నుంచే అన్నాడు: "నువ్వు ఆగినవ్ చూడు, ఆడ కూనపులాయన పాట ఎత్తుకుంటడు. మాట ఆగిన కాడ పాట పెడ్తరు."

ఆ ఒక్క మాటతో నేను చేసింది ఏమిటో ముందుకొచ్చి నిలబడింది. పటం మీది బొమ్మ కదలదు, మాట్లాడదు. ఎర్రటి నేల మీద పులి, పులి మీద ఋషి, అంతే. తక్కినదంతా చెప్పేవాడి గొంతు, వినేవాడి ఊఁ కలిసి నడిపించాలి. నేను దాన్ని టీవీతో పోల్చి తక్కువ చేశాను. టూడీలోని తక్కువ బొమ్మే నా చేత కథ చెప్పించిందని, త్రీడీలోని ఎక్కువ బొమ్మే నన్ను కథ వినకుండా చేసిందని ఇప్పుడు తెలుస్తోంది. మొదటి డ్రాగన్ క్వెస్ట్ మొత్తం 64 కిలోబైట్లలో ఇమిడింది, మన ఫోన్లో దిగే ఒక్క ఫోటో అంతకన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. జాగా చాలక అందులో వాడే అక్షరాలను కూడా తగ్గించుకున్నారు. ఆ ఆటతోనే జపాన్‌లో ఒక తరం పిల్లలు పెరిగారు.

నేను పుట్టిన నేల మీద ఈ సంగతి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. జనగామ జిల్లా మాణిక్యాపురం చుక్క సత్తయ్య ఒగ్గుకథ చెబితే పటం కూడా ఉండేది కాదు. ఒక్క మనిషే బీరప్ప అయ్యేవాడు, అక్కమాంకాలి అయ్యేవాడు. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న ఆ గొంతు 2017లో ఆగిపోయింది. అదే జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి గడ్డం సమ్మయ్య చిందు యక్షగానంలో కిరీటం, భుజకీర్తులు, ముఖాన రంగు అన్నీ ఉంటాయి. ఆయనకు 2024లో పద్మశ్రీ వచ్చింది. నిండా వేషం ఒకచోట, వట్టి గొంతు ఒకచోట, బట్ట మీది బొమ్మ ఒకచోట. మా పెద్దలు మూడింటి ముందూ తెల్లవార్లూ కూర్చున్నారు, ఇది ఎక్కువ అది తక్కువ అనలేదు.

మేడారం జాతర సంగతీ అంతే. ములుగు విడిపోయే దాకా, అంటే 2019 దాకా, మేడారం మా భూపాలపల్లి జిల్లాలోదే. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజును కోయ పూజారులు కాలినడకన అక్కడికి తీసుకొస్తారు. చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వచ్చేది కుంకుమ భరిణె రూపంలో. గద్దె మీద విగ్రహం ఉండదు. చిన్నప్పటి నుంచీ అక్కడ మొక్కుతూ పెరిగినవాణ్ని, బొమ్మ నునుపును బట్టి కథకు వెల కట్టాను.

నా మాట వల్ల జరిగిన నష్టం నా ఒక్కడితో ఆగేది కూడా కాదు. కథ కూర్చుంటేనే కూనపులి వాళ్లకు పటంతో పని. పటం వాడి వాడి చినిగితేనే కొత్తది రాయించడానికి చేర్యాల పోతారు. మేం కథలు పెట్టించడం మానేస్తే వాళ్లు పటాలు రాయించడం మానేస్తారు. అందుకే నకాషీలు ఇవాళ గోడలకు తగిలించే చిన్న బొమ్మలు, ముఖాల మాస్కులు చేసి బతుకుతున్నారు. అరవై అడుగుల కథలోంచి ఒక అర కోసి అద్దాల చట్రంలో పెట్టుకుంటే అందంగానే ఉంటుంది. దాని ముందు అరా, వెనక అరా మాత్రం ఎవరికీ తెలియవు. నేను నోట్లు ఇచ్చి పంపిన పద్ధతిలోనే ఎన్నో ఇళ్లు పంపాయి. మర్యాదగా చేసిన పని కాబట్టి అది తప్పని మాకు అనిపించలేదు.

బాపుతో చెప్పాను, ఈసారి వాళ్లు వస్తే మన వాకిట్లోనే కథ పెట్టిద్దామని. "పిల్లను ముంగట కూసోబెట్టు" అన్నాడు.

పద్మశాలి ఇంటికి కూనపులి వాళ్లు, గొల్లల ఇంటికి మందహెచ్చుల వాళ్లు, గౌండ్ల ఇంటికి గౌడజెట్టీలు, ముదిరాజుల ఇంటికి కాకిపడగల వాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. మీ గుమ్మం ముందుకు వస్తే పైసలిచ్చి పంపకండి. చాప పరిచి కూర్చోండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి, ఊఁ కొట్టండి. త్యాగం కథ అయ్యాక ఇద్దురు గాని.