పొద్దున ఆరింటి బాకీ

మా బాబాయి ఆగిరిపల్లిలో మామిడికాయల వ్యాపారి. పూత మీద తోటలు కొంటాడు. కాయ దింపాక బంగినపల్లి, రసాలు నున్న మార్కెట్టుకీ నాగపూర్ సేటుకీ తోలతాడు, కలెక్టర్ కాయ అయితే చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకి. లెక్కలన్నీ ఎర్ర అట్ట పుస్తకంలో ఉంటాయి. అందులో ఏ పేజీ ఎవరిదో ఆయనకీ, కొండ మీది శోభనాచలస్వామికీ తప్ప తెలియదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు "బాబాయ్, ఇదంతా నేను కంప్యూటర్లో పెడతా" అనేశాను. హైదరాబాదులో వెబ్ అప్లికేషన్లు రాసే ఉద్యోగం నాది. అరిసెలు తింటూ అన్న మాట కాబట్టి వెనక్కి తీసుకోవడం కుదర్లేదు. కాయల కాలంలో మళ్లీ వెళ్లి పని మొదలుపెట్టాను.

బిల్లు వేయడం రెండు రాత్రుల పని. (అడ్రసు దగ్గర కాస్త పేచీ వచ్చింది. మా మండలం 2022 ఏప్రిల్లో కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకి మారింది. బాబాయి దగ్గర కృష్ణా జిల్లా అని అచ్చేయించిన బిల్లు పుస్తకాలు ఇంకా నాలుగున్నాయి. అవి అయ్యేదాకా తన కొట్టు వరకు జిల్లా మారదన్నాడు.) అసలు బాధ వచ్చిన డబ్బు రాసుకునే దగ్గర మొదలైంది.

మొదట బిల్లు పక్కన ఒక గడి పెట్టాను: వచ్చిందా, రాలేదా.

"సగం వస్తే?" అన్నాడు బాబాయి.

బిల్లుల పట్టిక వేరు, జమల పట్టిక వేరు చేశాను. ఒక బిల్లుకి పది జమలైనా రాయొచ్చు.

"సేటు మూడు లారీలకి కలిపి ఒక్కసారే వేస్తాడుగా?"

మధ్యలో మూడో పట్టిక వచ్చింది, ఏ జమలోంచి ఎంత ఏ బిల్లుకి పోయిందో రాయడానికి.

"లక్ష బిల్లుకి తొంభై నాలుగు వేలు వేసి, తరుగు పోను సరి అంటాడు. మరి?"

నా అప్లికేషన్‌కి అది ఆరు వేల బాకీ. బాబాయికి అది తీరిపోయిన లెక్క. ఆ ఆరు వేలు ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు, అయినా తెర మీద ఎర్రగా వేలాడుతూనే ఉంటాయి, పోయినాయన ఫొటోలాగా. నగదు, చెక్కు, ఫోన్‌పే పక్కన 'తరుగు' కూడా ఒక జమ అయింది. "చెల్లు కూడా పెట్టరా" అంది పిన్ని వంటింట్లోంచి. "వాళ్లు మనకి ఇవ్వాల్సిందీ, ట్రాక్టరు కిరాయికి మనం ఇవ్వాల్సిందీ చెల్లుకి చెల్లు." అదీ పెట్టాను.

ఒకరోజు ఒక రైతు పేరు మీద 'బాకీ 0.00' అని ఎర్రగా వచ్చింది. తప్పు నాదే. కంప్యూటరు అంకెల్ని రెండింటి లెక్కలో దాచుకుంటుంది, పదో వంతు అందులో సరిగ్గా ఇమడదు. 0.1కి 0.2 కలపమంటే 0.30000000000000004 అంటుంది. అందుకే డబ్బుని రూపాయల్లో చుక్క పెట్టి కాకుండా పైసల్లో దాచాలి. తెలిసీ బద్ధకించాను.

"సున్నా బాకీ ఏంట్రా? సున్నా వసూలు చేసుకు రమ్మని ఎవర్ని పంపను?"

ఇక గడువు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టంలో 45 రోజులుందని నేనూ 45 పెట్టాను. ఆ చట్టం బాబాయిలాంటి బేరగాడికి అక్కరకు రాదని ఆడిటరు తర్వాత చెప్పాడు. ఎర్ర పుస్తకంలో గడువులు వేరే రకం: 'కాయ దింపాక', 'తిరునాళ్లకి', 'అడిగితే బాగోదు'. ఆ మూడోది నా క్యాలెండర్లో ఎక్కడా దొరకలేదు. అలాంటి పేజీలన్నిటికీ 45 వేసేశాను.

గడువు దాటినవాళ్లకి పొద్దున ఆరింటికి దానంతటదే వాట్సాప్ మెసేజ్ వెళ్లేలా పెట్టి హాయిగా పడుకున్నాను. ఆరూ ఐదుకి ఇంట్లో ఫోను మోగింది. బాబాయి వియ్యంకుడు. "మీ బాకీ రూ.18,400 గడువు దాటి 1,126 రోజులు అయినది. వెంటనే చెల్లించగలరు" అని ఆయన పళ్లు తోముకుంటూ చదువుకున్నాడట.

"అయ్యో అన్నయ్యగారూ, కంప్యూటరుకేం తెలుసు, మావాడు రాశాడు" అంటూ పిన్ని నలభై నిమిషాలు మాట్లాడింది. సాయంత్రం బాబాయి రెండు ట్రేల చిన్న రసాలు వేసుకుని వెళ్లొచ్చాడు. ఆయన డబ్బు ఇవ్వబోయాడట. ఈయన పుచ్చుకోలేదట. బాకీ అలాగే ఉంది, పైగా రసాలు పోయాయి. వాటి ఖరీదు ఏ పద్దులో రాస్తాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ రాత్రే ఎవరికి మెసేజ్ వెళ్లాలో, ఎవరికి వద్దో పేరు పేరునా ఎంచుకునే మీట పెట్టాను. బాబాయి ఓపిగ్గా కూర్చుని ఒక్కొక్కరికీ ఆపేశాడు.

వచ్చేముందు సరదాకి నా కష్టానికి పదిహేను వేలు బిల్లు వేసి ఆయన ఖాతాలోనే పెట్టాను. హైదరాబాదు వచ్చాక తెరిచి చూస్తే దాని కింద మూడు చెల్లులు ఉన్నాయి. 'ఇంటర్లో స్కూటరు గోడకి గుద్దినందుకు 4,800. ఇంజనీరింగ్ హాస్టల్ డిపాజిట్టు 8,000. వియ్యంకుడికి రసాలు, రెండు ట్రేలు, 2,440.'

అన్నీ పోను నేనే 240 రూపాయలు బాకీ తేలాను. బాబాయి మెసేజ్ ఆపని పేరు మొత్తం ఖాతాలో ఒక్కటే ఉంది. ఇవాళ పొద్దున ఆరింటికి కూడా వచ్చింది, గడువు దాటి 61 రోజులట.