శ్రీరాంపూర్ క్వార్టర్లో ఒక డిస్కు ఆత్మకథ

నేను నాలుగు టెరాబైట్ల హార్డ్ డిస్కును. నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాను. శ్రీరాంపూర్‌లో సింగరేణి క్వార్టర్లో, ఒక పాత కంప్యూటర్ డబ్బాలో నా కాపురం. పక్కనే నాలాంటిదే ఇంకో డిస్కు. మా సారు బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. నెత్తిన దీపం పెట్టుకుని నిలబడ్డ వాళ్ల బాపు ఫొటో, వాడకట్టు బతుకమ్మ వీడియోలు, బిడ్డ సర్టిఫికెట్లు అన్నీ మా ఇద్దరి మీదే ఉన్నాయి.

డిస్కులు చెడిపోయేటప్పుడు ప్రతిసారీ చప్పుడు చేయవు. ఎక్కడో ఒక బిట్ మారిపోతుంది, ఫైల్ మాత్రం ఉన్నట్టే కనబడుతుంది. ఇంతకుముందు ఈ ఇంట్లో ఉన్న ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ తన సొంత లెక్కలనైతే సరిచూసుకునేది గానీ, ఫొటో లోపలి సమాచారాన్ని డిస్కు ఎలా ఇస్తే అలా నమ్మేది. సారుకు ఆ నమ్మకం నచ్చలేదు.

మొదట లోపలి సమాచారాన్నీ సరిచూసే జడ్‌ఎఫ్‌ఎస్ వైపు చూశాడు. సన్ కంపెనీ 2005లో బయటికి వదిలిన గట్టి సరుకు అది. కానీ లైసెన్సు పేచీ వల్ల లైనక్స్ కెర్నల్‌లో కలవలేదు. అలాగే సరిచూసే, క్రిస్ మేసన్ 2007లో మొదలుపెట్టిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ 2009 నుంచి కెర్నల్‌లోనే ఉంది. అందుకే దాన్ని పట్టుకున్నాడు.

నేర్చుకునేటప్పుడు మమ్మల్ని ముట్టలేదు. అది నాకు ఎంతో నచ్చింది. రెండు ఉత్త ఫైళ్లు చేసి, వాటినే డిస్కులని కంప్యూటర్‌ను నమ్మించి, ఒకే సమాచారం రెండింటి మీదా ఉండేలా రెయిడ్1గా జత కట్టాడు. ఒక పాట ఎక్కించి, ఒకదాని నడిమిట్ల డీడీ కమాండుతో కావాలని చెత్త రాశాడు. అన్ని ముక్కలనూ చదివి సరిచూసే స్క్రబ్ నడిపితే, ప్రతి 4 కేబీ ముక్కకూ రాసిపెట్టుకున్న చెక్‌సమ్ తేడా కొట్టింది. రెండో ప్రతిలోంచి మంచి ముక్క వచ్చి చెడ్డదాని చోట కూర్చుంది. పాట ఎక్కడా తెగలేదు. రాత్రి షిఫ్టుకు పోయే టైమవుతున్నా, మళ్లీ చెడగొట్టి మళ్లీ చూశాడు.

"పనికి ముందు బాయిలో సర్దార్ రూఫ్ తట్టి చూసినట్టే బిడ్డా" అని బిడ్డకు ఫోన్‌లో చెప్పాడు. తర్వాత మమ్మల్నీ అలాగే జత కట్టాడు, అప్పటి నుంచి మాకు నెలనెలా స్క్రబ్ తప్పదు. ఒక వానాకాలం నా పక్క డిస్కులో లోపం 1, సరిచేసినవి 1 అని తెర మీద పడింది. లాగ్‌లో చూస్తే దెబ్బతిన్నది బతుకమ్మ వీడియో. నా ప్రతిలోంచే బాగైంది.

అన్నిటికన్నా తికమకపెట్టింది, ఫైళ్లు ఒక క్షణాన ఎలా ఉన్నాయో అలాగే పట్టి ఉంచే స్నాప్‌షాట్. "బాపూ, పెద్ద వీడియోలన్నీ తీసేసిన గదా, జాగ ఎందుకు పెరుగతలేదు?" అని బిడ్డ అడిగింది. పాత స్నాప్‌షాట్లు ఆ ముక్కలను ఇంకా పట్టుకునే ఉన్నాయి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉన్నదాని మీద రాయడం ఉండదు, మార్పు కొత్తచోట పడుతుంది. కరెంటు మధ్యలో పోయినా పాతది పదిలంగా ఉండేది అందుకే. పాత స్నాప్‌షాట్లు తొలగిస్తే తప్ప జాగ తిరిగిరాదు.

ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయితే ఇంటి కిటికీలు అదురుతాయి, నా పనీ తడబడుతుంది. 2008లో సన్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల ముందు గట్టిగా అరిచి, అవి నెమ్మదించడం కొలిచి చూపించాడు. మా సారు డబ్బా కింద పాత కన్వేయర్ బెల్టు ముక్క పరిచాడు.

అయినా ఒకే డబ్బాలో ఉన్నాం. పిడుగు పడితే ఇద్దరం పోతాం. అందుకే మూడో డిస్కు తెచ్చాడు, మంచిర్యాలలో వాళ్లక్క ఇంట్లో పెట్టడానికి. సెండ్, రిసీవ్ కమాండ్లతో నా మీది స్నాప్‌షాట్ దాని మీదికి పోతోంది. మొదటిసారి మొత్తం పోవాలి, తర్వాత మారిన ముక్కలు పోతే చాలు. మొదటి విడత ఇంకా నడుస్తోంది. నేను చదువుతున్నాను, అది రాసుకుంటోంది.