రెండుమార్లు నడుప: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

బొమ్మ కొక్క పేరు పొందుగా నొసగుమా
అంకె నీవు వేయ నక్కరేది
రెండుమార్లు నడుప రిఫరెన్సు లొదుగును
వరహ యేటి యొడ్డు వాసి శిష్య!

అవతారిక

కవీ నేనే, వ్యాఖ్యాతనూ నేనే. కొలచలమ మల్లినాథసూరికి కాళిదాసు దొరికాడు. నాకెవరూ దొరకలేదు.

నర్సీపట్నం దగ్గర బలిఘట్టంలో మా ఇంటి వసారా. మా మేనల్లుడు థీసిస్ ముందేసుకుని కూర్చున్నాడు. వరాహ నది కింది సాగు మీద రెండు వందల పైచిలుకు పేజీలు, అరవై మూడు పటాలు. అంకెలన్నీ చేత్తో కొట్టినవే. గైడు గారు ఆఖరి వారంలో ఫోన్ చేసి, "ఆ మూడో పటం అక్కర్లేదోయ్, తీసేయ్" అన్నారు. తీసేశాడు. నాలుగోది మూడయింది, అయిదోది నాలుగయింది. కాప్షన్లు దిద్దడానికి ఒక పూట పట్టింది. అసలు పని ఆ తర్వాత మొదలైంది. "పటం 41లో చూపినట్టు" లాంటి మాటలు ఏ పేరాలో నక్కి ఉన్నాయో ఏరాలి. ఓపిక నశించి ఫైండ్ అండ్ రిప్లేస్‌తో "పటం 4"ని "పటం 3" చేశాడు. ఒక్క నొక్కుతో పటం 41 కాస్తా పటం 31 అయి కూర్చుంది. 48 వెళ్లి 38 అయింది. తూము బొమ్మ చూడమన్నచోట వర్షపాతం గ్రాఫు వచ్చింది.

"మావయ్యా, ఇది తేలేది కాదు" అన్నాడు. అప్పుడు చెప్పిన పద్యమిది.

ప్రతిపదార్థం

వరహ యేటి యొడ్డు వాసి = వరాహ నది ఒడ్డున ఉండే; శిష్య = ఓ శిష్యుడా; బొమ్మకు = ప్రతి బొమ్మకూ; ఒక్క పేరు = లేబుల్ అనబడే ఒకే ఒక పేరు; పొందుగాన్ = తగిన చోట (అనగా కాప్షన్ తర్వాత); ఒసగుమా = ఇయ్యి; అంకె = వరుస సంఖ్యను; నీవు = మరిచిపోయే స్వభావం గల నీవు; వేయన్ = వేయడానికి; అక్కర + ఏది = అవసరమేముంది; రెండుమార్లు = రెండుసార్లు; నడుపన్ = లేటెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రామును నడిపితే; రిఫరెన్సులు = "ఫలానా పటం చూడు" అనే సూచనలు; ఒదుగును = వాటి స్థానాల్లో కుదురుకుంటాయి.

తాత్పర్యం

ఓ మేనల్లుడా, బొమ్మకు పేరు పెట్టు, అంకె జోలికి పోకు. పేరు బొమ్మది, అంకె వరుసది. వరుస మారితే అంకె మారుతుంది, పేరు మారదు. కనుక వాక్యంలో పేరే రాయి. లెక్క యంత్రం చూసుకుంటుంది.

విశేషాలు

"పేరు" అన్నాడు కవి, "అంకెలాంటి పేరు" అనలేదు. ఈ సూక్ష్మం గ్రహించక మా వాడు లేబుళ్లకు బొమ్మ1, బొమ్మ2, బొమ్మ4 అని పేర్లు పెట్టాడు. బొమ్మ4 అనే లేబులు అచ్చులో పటం 3గా వస్తుంది. యంత్రానికి ఏ ఇబ్బందీ లేదు గానీ చదివేవాడికి మతి పోతుంది. తూము, కాలువ, వాన అని పెట్టమన్నాను.

"పొందుగా" అన్న మాటను పాదపూరణం అనుకునేవారున్నారు. అది పొరపాటు, పద్యానికి ప్రాణమే అది. బొమ్మ అంకెను ఒకటి పెంచేది కాప్షన్ అనే మాక్రో (కొన్ని ఆజ్ఞలకు కలిపి పెట్టిన ఒక పేరు). లేబుల్ చేసేదల్లా అంతకుముందు ఆఖరున పెరిగిన అంకె ఏదో దాన్ని తన పేరున రాసుకోవడం. కాప్షన్ కంటే ముందు లేబుల్ పెడితే బొమ్మ అంకె ఇంకా పుట్టలేదు కనుక, దగ్గర్లో ఉన్న సెక్షన్ అంకెను పట్టుకుంటుంది. పటం 17 కావలసినది పటం 2.3 అవుతుంది. తప్పని ఎవరూ అరవరు. పేరు ఒకచోట, వస్తువు ఒకచోట! మన నర్సీపట్నం రోడ్ స్టేషన్‌లాగే అన్నమాట. పేరు నమ్ముకుని దిగినవాడికి నర్సీపట్నం కనిపించదు, బస్సెక్కాలి. ఊళ్లో రైలు పట్టాలే లేవు.

"రెండుమార్లు" అన్నచోట శిష్యులంతా తగాదాకు వస్తారు. ఒకసారి నడిపితే చాలదా? చాలదు. పదో పేజీలో "తూము బొమ్మ చూడు" అని రాశావు, బొమ్మ నూటయాభయ్యో పేజీలో ఉంది. యంత్రం పదో పేజీ దగ్గర ఉన్నప్పుడు దాని అంకె ఎవరికి తెలుసు? అందుకే మొదటిసారి అక్కడ రెండు ప్రశ్నార్థకాలు వేసి ముందుకు పోతుంది. పోతూ పోతూ, తూముకు 41 వచ్చిందని ఆక్స్ అనే పక్క ఫైల్లో చీటీ రాసి పెడుతుంది. రెండోసారి మొదలుపెట్టేటప్పుడు ముందు ఆ చీటీ చదువుకుంటుంది. కాగితం మీద కథ ఎప్పుడూ కిందికే పారుతుంది గానీ అంకె సమాచారం మాత్రం ఎదురెక్కి రావాలి. మా ఊరి దగ్గర వరాహ నది ఉత్తరవాహిని, అంటే మ్యాపులో చూస్తే పైకి పారుతుంది. పద్యంలోకి ఏరు ఎందుకొచ్చిందంటే ఇందుకే. ప్రాంతాభిమానం అనుకున్నవారు అనుకోవచ్చు, అదీ కొంత ఉంది.

పటాల జాబితా, విషయసూచిక చేరితే రెండుమార్లూ చాలవు. జాబితా ముందు పేజీల్లో కూర్చోగానే వెనకవాటి పేజీ నంబర్లు జరుగుతాయి. "లేబుళ్లు మారినట్టున్నాయి, మళ్లీ నడుపు" అని యంత్రమే హెచ్చరిస్తుంది. అప్పుడు మూడోసారి తప్పదు. బలి చక్రవర్తి యాగం చేసిన చోటు ఇదేనని స్థలపురాణం. మూడో అడుగు అడిగితే లేదనడం ఈ ఊరివాళ్లకు రాదు.

ఎన్నిసార్లు నడిపినా కుదురుకోని సందర్భమూ ఒకటుంది. వాక్యంలో పేజీ ప్రస్తావన కూడా మాక్రోతోనే పెట్టామనుకోండి. బొమ్మ పక్క పేజీలో పడితే "ఎదుటి పేజీలో" అని పొడుగ్గా వస్తుంది. ఆ పొడుగుకి ఒక పంక్తి పెరిగి బొమ్మ జరుగుతుంది. జరిగాక మాట పొట్టిదవుతుంది, పంక్తి తగ్గి బొమ్మ వెనక్కి వస్తుంది. ఉయ్యాలే ఇక. దీనికి మందు మాక్రోలో లేదు. మనిషి వెళ్లి వాక్యం తిరగరాయాల్సిందే.

సంప్రదాయం

ఈ విద్యకు గురుపరంపర ఉంది. 1973 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో జో ఒసానా ట్రాఫ్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రాము రాశాడు. అందులో అంకె దాచుకునే రిజిస్టరు ఉండేది, దాని పేరు రెండక్షరాలు దాటకూడదు. పిలిచినప్పుడల్లా ఒకటి పెరగమంటే పెరిగేది. ఎంఎం అనే మాక్రోల మూటలో బొమ్మ శీర్షికకు వేరే మాక్రోనే ఉండేది, అంకె అదే వేసుకునేది. వెనక రాబోయే బొమ్మ అంకె ముందే చెప్పాలంటే మాత్రం చీటీ రాసే తంతు మనమే కట్టుకోవాలి. 1977లో డొనాల్డ్ క్నూత్ తన పుస్తకం రెండో సంపుటి ప్రూఫులు చూసి, అక్షరాలు నచ్చక టెక్‌కు పూనుకున్నాడు. దాని మీద లెస్లీ లాంపోర్ట్ 1980లలో లేటెక్ కట్టి, చీటీల బాధ్యత యంత్రానికి అప్పగించాడు.

తెలుగు దీనికి ఆలస్యంగా రాలేదు. లక్ష్మి ముక్కవిల్లి టెక్ కోసం తెలుగక్షరాలు గీశారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ లిపిలో ఇంగ్లీషు కీబోర్డు మీద కొట్టి, రిట్ అనే ప్రోగ్రాముతో మార్చి తెలుగు అచ్చు వేసుకున్నారు అమెరికాలో మనవాళ్లు. 2004లో జొనాథన్ క్యూ జీటెక్ తెచ్చాక యూనికోడ్ తెలుగు నేరుగా ఎక్కింది. అదే కాలంలో ఇక్కడి డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్ ముందు కూర్చుని బొమ్మ అంకెలు చేత్తో దిద్దినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

పాఠాంతరాలు

"బొమ్మ" అన్నచోట "పటము", "చిత్రము" అని పాఠాంతరాలు. బడి పుస్తకాల వాడుక పటం. "చిత్రం 3.2 చూడండి" అంటే సినిమాకు పోదాం రమ్మన్నట్టుంటుంది. అయినా ఈ వివాదంలో రక్తపాతం అనవసరం. శీర్షికలో ఫిగర్ అని వచ్చే మాటకు ఏ తెలుగు కావాలో ఒక్క వరుసలో చెబితే అరవై రెండు చోట్లా మారుతుంది. (అరవై మూడు కాదు. మూడోది గైడు గారు తీసేశారు.)

ఛందస్సు

"రిఫరెన్సు" సలము. ఇంద్రగణం కావలసిన చోట ఇంగ్లీషు మాట ఇంత బుద్ధిగా కూర్చోవడం అరుదు. రెం–రి యతి చెల్లింది. "వాసి"లో శ్లేష ఉంది. నివసించేవాడు అని ఒక అర్థం, గొప్పదనం అని మరొకటి. మా వాడు రెండోదే ఖాయం చేసుకున్నాడు.

ఆక్షేపణ

"వర్డ్‌లోనూ ఇవన్నీ ఉన్నాయి కదా?" ఉన్నాయి. కాప్షన్ పెట్టి, క్రాస్ రిఫరెన్స్ చొప్పించి, అంతా ఎంపిక చేసి ఎఫ్9 నొక్కాలి. నొక్కినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

గద్య

ఇది శ్రీ బ్రహ్మలింగేశ్వర సన్నిధానంబున, వరాహ నదీతీరంబున, మేనల్లుని థీసిసు నిమిత్తంబుగా జెప్పబడి, ఒక్కమారు మాత్రమే నడుపబడిన టీకయందు, పటము ??లో జూపిన ప్రకారము, అధ్యాయము ?? సమాప్తము.