చోరీకీ దోపిడీకీ తేడా తెలియని ఇంగ్లీషు

మా రోజుల్లో ఇంగ్లీషు రానివాళ్లకే కోర్టు ఇంగ్లీషు బాగా వచ్చేది. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. నేను బెంచి క్లర్కుగా పనిచేసిన తాలూకా కోర్టు ఆవరణలో చింతచెట్టు కింద ప్లీడరు గుమాస్తాలు కూర్చునేవారు. వాళ్లలో స్కూలు ఫైనలు దాటినవాడు అరుదు. ఎవరైనా వచ్చి ‘మా ఇంట్లో దొంగలు పడ్డారయ్యా’ అని ఏడిస్తే, గుమాస్తా చుట్ట పక్కన పెట్టి వరసగా అడిగేవాడు: ‘తలుపు తీసి ఉందా, పగలగొట్టారా? పగలా, రాత్రా? ఎంతమంది? ఎవరినైనా కొట్టారా?’

ఇండియన్ పీనల్ కోడ్ పదిహేడో అధ్యాయంలో సగం ఆ ప్రశ్నల్లోనే ఉంది. ఎవరూ చూడకుండా పట్టుకుపోతే థెఫ్టు. కొట్టి, చంపుతానని బెదిరించి లాక్కుంటే రాబరీ. ఆ పనికి అయిదుగురు కలిసి వస్తే డెకాయిటీ, నలుగురొస్తే కాదు. కన్నం వేసి వస్తే హౌస్ బ్రేకింగు. అది రాత్రిపూటైతే లెక్క వేరు. రాబరీకి పదేళ్ల దాకా శిక్ష, అదే రహదారి మీద పొద్దుగూకిన తర్వాత, తెల్లవారకముందు జరిగితే 14 ఏళ్ల దాకా. సంతలో అమ్మిన డబ్బు మొలకు కట్టుకుని చీకట్లో బండి తోలుకొచ్చే రైతు భయం ఆ సెక్షను రాసిన దొరకు ఎలా తెలిసిందో గానీ, తెలిసింది.

ఇప్పుడు మా మనవడు కెనడా వెళ్తానని ఐఈఎల్‌టీఎస్‌కు చదువుతున్నాడు. అందులో నేరాలు, శిక్షల మీద ఒక పాఠం. షాప్‌లిఫ్టింగు, మగ్గింగు, బర్గ్‌లరీ, ఆర్సన్, డిటరెంట్, రీహాబిలిటేషన్ అంటూ అట్టముక్కల మీద రాసుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతూ వల్లె వేస్తాడు. వేయనీ. ఆ ఊరు వెళ్లేవాడికి ఆ ఊరి మాటలు కావాలి. అయితే ఉండబట్టలేక, ‘ఒరే, మగ్గింగు అంటే మన చట్టంలో ఏ నేరంరా?’ అన్నాను. ‘అది సిలబస్‌లో లేదు తాతా’ అన్నాడు. పోనీ రిమాండుకీ శిక్షకీ తేడా చెప్పరా అంటే, ‘రెండూ జైలేగా’ అన్నాడు. ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీషు మీడియమే, ఆపైన ఇంజనీరింగు.

ఆ అట్టముక్కలన్నీ తిరగేశాను. డెకాయిటీ లేదు. యాంటిసిపేటరీ బెయిలు లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో వచ్చిన ఈ ముందస్తు బెయిలు మాట మనకు రోజూ పేపర్లో తగులుతూనే ఉంటుంది. అండర్‌ట్రయల్, హిస్టరీ షీటు, లాఠీచార్జి, బైండోవరు, ఇవేవీ లేవు. పోలీసు రికార్డుల్లో ‘నోన్ డిప్రెడేటర్’ అని రాసుకున్నదాన్ని పొడి అక్షరాలు చేసి ‘కేడీ’ అని పల్లెటూరి తిట్టు దాకా తెచ్చుకున్నాం, అదీ లేదు. ఆ పుస్తకం లెక్కలో ఇవి ఇంగ్లీషు కావు కాబోలు. థగ్, లూట్ అనే మాటలు మాత్రం వాళ్ల డిక్షనరీల్లో దర్జాగా కూర్చున్నాయి. ఆ రెండూ మన దేశం నుంచి ఎత్తుకుపోయినవే. దానికి మాత్రం ఏ సెక్షను కిందా కేసు కట్టలేదు.

ఇక్కడ చిన్న పిడకల వేట. మనం ముద్దాయి అని ఎవరిని అంటున్నాం? నేరం మోపబడినవాణ్ణి. ఉర్దూలో ఆ మాటకు ఫిర్యాదు చేసినవాడని అర్థం. దావా వేసినవాడి పేరు తీసుకెళ్లి బోనులో నిలబడ్డవాడికి తగిలించాం. హైదరాబాదు వైపు నుంచి బదిలీ మీద మా కోర్టుకు వచ్చిన ఒక పెద్దాయన మొదటిరోజు బంట్రోతు ‘ముద్దాయి హాజర్’ అనగానే ఫిర్యాదీ కోసం వెతుక్కున్నాడు. సరే, అది మన పెద్దలు చేసిన ఘనకార్యం. కానీ ఒకసారి తిరగేశాక అందరం ఒక్కటే అర్థంలో వాడాం. కోస్తాలో ఏ కోర్టుకు వెళ్లినా ముద్దాయి ముద్దాయే.

ఇప్పుడు టీవీ పెట్టండి. కింద పరిగెత్తే అక్షరాల్లో ఒకే మనిషి పొద్దున అనుమానితుడు, మధ్యాహ్నం నిందితుడు, దీపాలవేళకు దోషి. ఈలోగా వాడు కోర్టు మెట్లయినా ఎక్కలేదు. తీర్పు రాకముందు ఏ కాగితంలోనైనా ‘అక్యూజ్డ్’ అని ఉండాల్సిన చోట ‘కన్విక్ట్’ అని టైపు కొడితే మా మేజిస్ట్రేటుగారు కాగితం మొహాన విసిరేవారు. డిశ్చార్జి వేరు, అక్విటల్ వేరు. మొదటిది విచారణ దాకా పోకుండానే వదిలేయడం, రెండోది సాక్ష్యాలన్నీ విని వదిలేయడం. ఇప్పుడు రెండింటికీ కలిపి ‘క్లీన్ చిట్’ అనేస్తున్నారు. ఆ చిట్టీ ఏ కోర్టు రాసిస్తుందో, దానికి స్టాంపు ఎంతో నాకైతే తెలియదు.

మాట ఖరీదు తెలిసినవాళ్లను వరండాలో చూశాను. రెండు నేరాలకు ఒకడికి మూడేళ్లు, రెండేళ్లు వేశారనుకోండి. తీర్పు చివర ‘కంకరెంట్లీ’ అని ఉంటే రెండూ కలిసి నడిచి మూడేళ్లలో బయటపడతాడు. ఆనాటి చట్టం ప్రకారం ఆ మాట లేకపోతే ఒకదాని వెనక ఒకటి, మొత్తం అయిదేళ్లు. సంతకం కూడా రాని ఒక ఆడమనిషి చంటిపిల్లను చంకనేసుకుని నా వెంటపడి, ‘బాబూ, అయ్యగారు కరెంటు అన్నారా, అనలేదా?’ అని అడిగింది. అన్నారమ్మా అంటే అక్కడే కూలబడి ఏడ్చింది. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు ఆ ఒక్క మాటే. అదీ సగమే. అయితేనేం, దాని తూకం ఆవిడకు తెలుసు.

మా రోజుల్లో అంతా బంగారమని చెప్పను. అంత తూచి మాట్లాడే మా వరండాలోనే ఎవరి ఊరు స్టూవర్టుపురం అని తెలిసినా సాక్ష్యం అక్కర్లేనట్టు మొహాలు చూసుకునేవారు. 1871లో తెల్లవాడు నేరస్థ తెగల చట్టమని ఒకటి చేశాడు. పుట్టుకే నేరం, చేసిన పనితో నిమిత్తం లేదు. బాపట్ల దగ్గర ఆ సెటిల్‌మెంటు 1913లో వెలిసింది. ఎరుకలవాళ్లను అక్కడ పెట్టి హాజరు పట్టీలో పేర్లు పిలిచేవారు. ఆ చట్టం 1952లో రద్దయింది. మాట మాత్రం రద్దు కాలేదు, సినిమాలకెక్కి ఇంకా లావెక్కింది. థెఫ్టుకీ రాబరీకీ అంత తేడా చూసిన పెద్దమనుషులు, మనిషికీ ఊరి పేరుకీ తేడా చూడలేదు.

ఇక 2024 జూలై 1న వచ్చిన మార్పు. మెకాలే ముసాయిదా నుంచి పుట్టి 1860లో చట్టమైన పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సంస్కృతం పేరు పెట్టారని సంతోషించేలోపే దాన్నీ బీఎన్‌ఎస్ అనడం మొదలెట్టారు. పాతదాంట్లో 511 సెక్షన్లు, కొత్తదాంట్లో 358. అంటే 420 అనే సెక్షనే లేదు! మోసం ఇప్పుడు 318. హత్య 103. 302 ఉంది గానీ, అది మతభావాలు నొచ్చేలా కావాలని మాట్లాడినవాడికి. ప్రొసీజరు కోడ్ కూడా మారింది. గుంపులు కూడొద్దనే 144 ఇప్పుడు 163 అయింది. కొత్తదాంట్లో 144 అంటే భార్యాబిడ్డలకూ తల్లిదండ్రులకూ ఇవ్వాల్సిన మనోవర్తి. రేపు ఏ ఎన్నికల రోజునో పాత అలవాటుకొద్దీ మైకులో ‘144 అమల్లో ఉంది’ అని చాటితే, ఊళ్లో మగాళ్లంతా పెళ్లాల దగ్గరికి పర్సులు పట్టుకుని వెళ్లాలి.

మంచి ఒకటీ అరా లేకపోలేదు. మెడలో గొలుసు తెంపుకుపోతే అది థెఫ్టా, రాబరీయా అని వకీళ్లు పూటలకు పూటలు వాదించేవారు. ఇప్పుడు స్నాచింగు అని దానికంటూ సెక్షను పెట్టారు. మా మనవడి అట్టముక్క మీద ఉన్న కమ్యూనిటీ సర్వీసు కూడా మన చట్టంలోకి వచ్చింది. తొలిసారి దొరికిన దొంగ, సొత్తు 5,000 రూపాయల లోపుదై, దాన్ని తిరిగి ఇచ్చేస్తే, అతనికి శిక్ష సమాజసేవే. శ్రీకృష్ణ జన్మస్థానానికి పోయి చిప్పకూడు తినక్కర్లేదు. ఈ రెండు మాటలూ మావాడికి విడమరిచి చెప్పాల్సి వచ్చింది, తెలుగులో.

ఇదంతా ముసలాడి చాదస్తం అంటారా? మా వీధి చివర ఒక రిటైర్డు ఆఫీసరుగారున్నారు. ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే విసుక్కుంటారు. మొన్నామధ్య యూనిఫాం వేసుకున్నవాడెవడో వీడియో కాల్ చేసి మనీ లాండరింగు, నాన్‌బెయిలబుల్ వారెంటు, డిజిటల్ అరెస్టు అని గడగడా చదివాడట. ఈయన తలుపు గడియ పెట్టుకుని రోజంతా ఫోను ముందు కూర్చుని, దాచుకున్నదంతా వాడు చెప్పిన ఖాతాలోకి పంపించారు. డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. అరెస్టు అంటే ఒంటిమీద చెయ్యి వెయ్యాలి, మనిషిని నిర్బంధించాలి, లేదా వాడంతట వాడు లొంగిపోవాలి. చింతచెట్టు కింది గుమాస్తాకు ఆ ఫోనొచ్చి ఉంటే ‘ఏ కోర్టు వారెంటయ్యా? క్రైమ్ నంబరెంత?’ అని చుట్ట కాల్చుకుంటూ అడిగేవాడు.

నేనే ఆయనచేత సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయించి, ఫిర్యాదు రాయించాను. ఎఫ్ఐఆర్ కాపీ వచ్చింది. అది పట్టుకుని సాయంత్రం మా ఇంటికొచ్చి, ‘318 సబ్‌సెక్షన్ 4 అని ఏదో చిల్లర సెక్షను వేశారండీ, ఇంత మోసం జరిగితే ఫోర్ ట్వంటీ పెట్టరా?’ అన్నారు. అదే ఇది, పేరు మారింది అని ఎంత చెప్పినా వినలేదు. పెద్ద వకీలును పట్టుకుని ఫోర్ ట్వంటీ వేయిస్తానని తిరుగుతున్నారు.