బావగారి బేరం ఇంజిన్

మా బావగారు అమెరికాలోని ఒహాయోలో విమానం కడుతున్నారు. కంగారు పడకండి, ఆ దేశంలో అది నేరం కాదు. సగానికి పైగా పని సొంతంగా చేసినట్టు చూపిస్తే, విద్య కోసమో వినోదం కోసమో ఎవరి విమానం వాళ్లు కట్టుకోవచ్చు. కాకపోతే ఎక్కే చోట ‘ఎక్స్‌పెరిమెంటల్’ అని కనీసం 2 అంగుళాల అక్షరాలతో రాయాలి. మామూలు విమానాల భద్రతా నిబంధనలు దీనికి వర్తించవని, కూర్చునేవాడికి కనిపించేలా లోపల ఇంకో పలక బిగించాలి. శుభలేఖల మీద కూడా ఇలాంటి నియమం ఉంటే బాగుండేదని మా అక్కయ్య అభిప్రాయం.

రెక్కలు, తోక, చక్రాలు అయిదేళ్లలో అయిపోయాయి. పేచీ అంతా ఇంజిన్ దగ్గర వచ్చింది. కొత్త లైకమింగ్ విమాన ఇంజిన్ ధర మంచి కారు ధరను మించిపోతుంది. “1950ల నాటి డిజైన్ బామ్మర్దీ! మాగ్నెటోలు, కార్బురేటరు, సీసం కలిపిన పెట్రోలు. మ్యూజియంలో పెట్టాల్సిన సరుక్కి ఇంత ధరా?” అన్నారు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. పోనీ రోటాక్స్ ఇంజిన్ తీసుకోండి అన్నాను. అదీ చవక కాదట. రావణాసురుడే నయం, ఇంజిన్ బేరం జోలికి పోకుండా అన్నగారి విమానాన్నే లాక్కున్నాడు.

అప్పుడు జంక్‌యార్డు నుంచి మొదటి ఇంజిన్ దిగింది, షెవ్రొలే కోర్వెయిర్‌ది. గాలితో చల్లబడే ఆరు సిలిండర్ల ఇంజిన్, 1960ల సరుకు. 1965లో రాల్ఫ్ నాడర్ కార్ల భద్రత మీద రాసిన పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఉతికి ఆరేసింది ఈ కారునే. నేల మీదే నమ్మకూడదని పేరుపడ్డ కారు గుండెకాయను తీసి బావగారు ఆకాశంలో పెడతానన్నారు. (తప్పు ఇంజిన్‌ది కాదు, వెనక సస్పెన్షన్‌ది. అయినా ఈ మాట మా అక్కయ్యకు చెప్పి చూడండి.) ఇంతకీ ఆ ఇంజిన్ క్రాంక్‌షాఫ్టును క్లచ్చిని తిప్పడానికి చేశారు, ప్రొపెల్లర్ ఊపు భరించడానికి కాదు. విమానాలకు బిగించాక కొన్నిటికి పగుళ్లు వచ్చాయి. దానికి మందు ఉంది: క్రాంకుకు నైట్రైడింగ్ చేయించాలి, ముందు ఇంకో బేరింగ్ పెట్టాలి. మందు ఖరీదు రోగి ఖరీదును దాటగానే బావగారు దాన్ని మూలకు నెట్టారు.

రెండోది నీళ్లతో చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజిన్. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అంటే ఏమిటో ఇక్కడ తెలిసింది. కారింజిన్ తన పూర్తి శక్తిని నిమిషానికి అయిదారువేల చుట్లు తిరిగితే గాని ఇవ్వదు. ప్రొపెల్లరేమో 2,700 దాటితే దాని కొసలు ధ్వని వేగానికి దగ్గరవుతాయి. అరుపు పెరుగుతుంది, లాగుడు పెరగదు. కాబట్టి మధ్యలో గేర్‌బాక్సు పెట్టాలి. పెడితే కొత్త తంటా. సిలిండర్లో ఇంధనం మండిన ప్రతిసారీ షాఫ్టుకు ఒక కుదుపు తగులుతుంది. ఆ కుదుపుల వరస షాఫ్టు సహజమైన ఊగుడుతో కలిసిందా, ఇనుము తెగేదాకా వదలదు. ఆపైన రేడియేటరు, దానికి గాలి తొట్టి, రెండో ఇగ్నిషన్, రెండో బ్యాటరీ. ముక్కు బరువెక్కింది కాబట్టి తోక దగ్గర సీసం దిమ్మె. ఇంతలో గేర్‌బాక్సు అమ్మినాయన దుకాణం ఎత్తేశాడు. ఊరూ పేరూ నేను చెప్పను, ఆయన ఫోను మాత్రం మోగుతూనే ఉంది.

“రోడ్డు మీద లక్షల మైళ్లు నడిచే ఇంజిన్‌కి ఆకాశంలో ఏం రోగం?” అంటారు బావగారు. హైవే మీద కారు తన శక్తిలో చిన్న వాటా మాత్రమే వాడుతుంది. విమానం పూర్తి శక్తితో లేచి, ఆ తర్వాత గంటలకొద్దీ ముప్పాతిక శక్తితో లాగుతుంది. ఊరేగింపు గుర్రాన్ని గానుగకు కట్టి, నిన్నటిదాకా బాగానే నడిచిందిగా అన్నట్టుంది. ఈ తేడా అమెరికా సర్కారుకూ తెలుసు. సర్టిఫికెట్ ఉన్న ఇంజిన్, ప్రొపెల్లర్ జత బిగిస్తే సాధారణంగా 25 గంటల పరీక్ష చాలంటారు. మనసుకు నచ్చిన ఇంజినైతే 40. సొంతంగా కట్టిన విమానాల ప్రమాదాలపై 2012లో అక్కడి ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఒక అధ్యయనం వెలువరించింది. ఇంజిన్ వైఫల్యం, గాల్లో అదుపు తప్పడం, ఈ రెండే అందులో అన్నిటికంటే పైన నిలిచాయి. బావగారు అది శ్రద్ధగా చదివి, మిగతావాళ్లు జాగ్రత్తగా ఉండాలన్నారు.

ఆయన ఇష్టదైవం మినెసోటాకు చెందిన బెర్నార్డ్ పీటెన్‌పోల్. 1929లో ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజిన్‌తో ఎగిరినవాడు. దండం పెట్టాల్సిన మనిషే. కానీ ఆయన దొరికిన ఇంజిన్ బిగించి ఎగిరాడు, ఇంకా చవకది దొరుకుతుందేమోనని కూర్చోలేదు. బావగారి ఇంటికి దగ్గర్లోనే డేటన్. అక్కడ రైట్ సోదరులు ఇంజిన్ కోసం కంపెనీలకు ఉత్తరాలు రాసి, పనికొచ్చేది దొరక్క, తమ మెకానిక్ చార్లీ టేలర్‌కి చెప్పారు. ఆయన వాళ్ల సైకిల్ కొట్టు వెనక, సుమారు ఆరు వారాల్లో, 12 హార్స్‌పవర్ ఇంజిన్ చేసి ఇచ్చాడు. బావగారు గేర్‌బాక్సు బ్రాకెట్టుకే ఎనిమిది నెలలు తీసుకున్నారు.

పోయిన సంక్రాంతికి ఫోను చేసినప్పుడు ఉండబట్టలేక అడిగాను. “బావగారూ, లాగ్‌బుక్ సరిగ్గా ఉన్న పాత లైకమింగ్ దొరుకుతుంది కదా. రెండువేల గంటల ఆయుష్షులో సగం మిగిలినా మీకు జీవితమంతా సరిపోతుంది. ఇప్పటిదాకా పెట్టిన డబ్బుతో ఎప్పుడో వచ్చేది.”

అవతల కాసేపు నిశ్శబ్దం. “అది కొనేస్తే ఇంక చేయడానికేముంటుంది?”

“ఎగరొచ్చు” అన్నాను.

అక్కయ్యకు ఫోనిచ్చారు.

విమానం ఇప్పటికీ గరాజ్‌లోనే ఉంది. రెండు కార్లూ బయట మంచులో ఉన్నాయి. బావగారి చూపు మూడో ఇంజిన్ మీద పడింది. అది ఇంకా చవకట. మీలో ఎవరికైనా కోర్వెయిర్ ఇంజిన్ ఒకటి, గేర్‌బాక్సు తగిలించిన నాలుగు సిలిండర్లది ఒకటి కావాలంటే కబురు పెట్టండి. రెండూ ఒక్క నిమిషం కూడా గాలిలో తిరగలేదు. ధర అక్కయ్యతో మాట్లాడుకోవాలి, రవాణా ఖర్చు ఎదురిచ్చేలా ఉంది.