నా బరువు తగ్గిన మధ్యాహ్నం

నేను నానుతాడును. నరసాపురంలో ఒక ఆచారిగారి కుంపటి దగ్గర, నాలుగు కాసుల బరువుతో పుట్టాను. ఇప్పటి లెక్కలో 32 గ్రాములు. ఆయన తీగ సన్నగా లాగి, చుట్టలు చుట్టి, ఒకదానిలో ఒకటి దూర్చి పేనారు. అప్పటికి హాల్‌మార్కు ముద్రలు లేవు, ఇప్పటి నగల మీద ఉండే ఆరక్షరాల గుర్తింపు సంఖ్యా లేదు. ఆచారిగారి మాటే నాకు ముద్ర.

పదహారు రోజుల పండగనాడు పసుపుతాడు మీది పుస్తెలు తీసి నాకు గుచ్చారు. అప్పటినుంచి అమ్మ మెడలోనే ఉన్నాను. కొడుకు ఇంజినీరింగ్ ఫీజు కోసం ఒకసారి బ్యాంకులో తాకట్టుకి వెళ్లాను. తూచి తీసుకున్నారు, తూచి తిరిగిచ్చారు. గ్రాము తేడా రాలేదు. అమ్మ ఒంటి చెమటా, వంటింటి పొగా, పండక్కి కుంకుడుకాయ నురుగుతో తోమించుకునే స్నానమూ నాకు తెలిసిన లోకం. నిజానికి బంగారానికి అంతకుమించిన మెరుగు అవసరం లేదు. కాస్త మకిలి పట్టినంత మాత్రాన దాని విలువ తరగదు.

కొడుకూ కోడలూ హైదరాబాదు వెళ్లిపోయాక భీమవరం ఇంట్లో పెద్దవాళ్లిద్దరే మిగిలారు. అయ్యగారు పదకొండు గంటలకి లైబ్రరీకి వెళతారు. ఆ సంగతి వీధిలో వాళ్లకి తెలుసు. వీధిని రెండు రోజులు గమనించిన వాళ్లకీ తెలుస్తుంది.

ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, మెడలో కార్డు, చేతిలో సంచి. ‘మామ్మగారూ, కొంచెం మంచినీళ్లిస్తారా’ అన్నారు. ఎండనపడి వచ్చినవాళ్లకి నీళ్లివ్వకపోవడం అమ్మ వల్ల కాదు. గ్లాసులు తిరిగిస్తూ, కొత్త పౌడరు ప్రచారానికి తిరుగుతున్నామనీ, పైసా ఇవ్వక్కర్లేదనీ చెప్పారు. దేవుడి దగ్గరి ఇత్తడి కుంది తోమి తళతళలాడించారు. తర్వాత మనవరాలి వెండి పట్టీలు. అవీ మెరిశాయి. ఇంతవరకూ మోసం లేదు. నమ్మకం కుదిరేదాకా నిజాయితీగా పనిచేయడమే వాళ్ల విద్య.

అప్పుడు చూపు నా మీదికి వచ్చింది. అమ్మ వెనకాడింది. మెడలోంచి తీయకూడదు కదా అంది. పెద్దవాడు సంచిలోంచి పసుపుతాడు తీసి, ‘పుస్తెలు దీనికి గుచ్చుకోండి మామ్మగారూ, అపచారం ఉండదు’ అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేను. మన ఆచారం తెలుసుకుని, దానికి కావలసిన తాడు కూడా కొని తెచ్చుకుని, ఆ ఆచారంతోనే తలుపు తెరిపించుకున్నాడు.

నన్ను వేసిన గిన్నెలోది నీళ్లు కాదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూడు పాళ్లు, నత్రికామ్లం ఒక పాలు కలిపితే వచ్చేదాన్ని చదువుకున్నవాళ్లు ద్రవరాజం అంటారు. విడివిడిగా ఆ రెండిట్లో ఏదీ బంగారాన్ని కరిగించలేదు. కలిస్తే కరిగిస్తుంది. నాలాంటి పేనిన గొలుసైతే వాళ్లకి మరీ మంచిది, ఎందుకంటే ప్రతి తీగా అన్నివైపులా ఆమ్లానికి తగులుతుంది. బంగారం కరిగిన ద్రావణం పచ్చగా ఉంటుంది, అది కనబడకుండా పసుపు చల్లారు. ఘాటు వాసన వస్తోందని అమ్మ అంటే, మందు అలాగే ఉంటుందన్నారు. తర్వాత నన్ను తీసి, పసుపునీళ్లతో స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించి, సన్నటి సెగ మీద పెట్టి, పూర్తిగా చల్లారాకే తీయమని చెప్పారు. అలా అన్నది వాళ్లు వీధి దాటేందుకు. ‘ఆ మురికినీళ్లు మేమే పారబోస్తాం’ అంటూ గిన్నెలోది సీసాలో పోసుకుని వెళ్లారు. ఆ సీసాలో నా ఒంట్లోంచి పోయిన ఆరు గ్రాములు ఉన్నాయి. దాన్నుంచి బంగారాన్ని మళ్లీ రాబట్టడం కష్టమేమీ కాదు.

డబ్బాలోంచి తీస్తే నేను కొత్తగా మెరిశాను. అమ్మ సంతోషపడింది. కొన్నాళ్లకి ఒక చుట్ట తెగింది. అతికించడానికి తీసుకెళితే ఆచారిగారి కొడుకు త్రాసులో వేశాడు. 26 గ్రాములు. ‘దీన్ని ఎవరికైనా మెరుగుకిచ్చారా అమ్మా?’ అని మెల్లగా అడిగాడు. అమ్మ జవాబు చెప్పలేదు. ఇంటికొచ్చి అయ్యగారికీ చెప్పలేదు. తిడతారని భయం, అంతకంటే ఎక్కువగా సిగ్గు. ఆ మౌనమే వాళ్లని పక్క వీధికి పంపింది. అక్కడ ఇంకొకావిడ గాజులు పోయాయి.

అమ్మది అత్యాశ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆవిడ ఏదీ చవగ్గా కోరలేదు, ఎవరినీ ఏదీ అడగలేదు. నీళ్లిచ్చింది. ఎదురుగా నిలబడ్డ మనిషిని పొమ్మనడం తప్పని చిన్నప్పటినుంచీ నేర్చుకుంది. దొంగ దోచుకున్నది ఆ మర్యాదని.

సంక్రాంతికి వచ్చిన కోడలు నా మెరుపు చూసి ఆరా తీసింది. విషయం తెలిశాక ఒక్క మాట కూడా అనలేదు. అత్తగారిని వెంటబెట్టుకుని పోలీసుస్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు రాయించింది. మోసానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వర్తిస్తుంది. ఆ కబురు బయటికి రాగానే వీధిలో ఆడవాళ్లంతా నోరు విప్పారు. గ్యాస్ కంపెనీ నుంచి వచ్చామని పొయ్యి విప్పి, బాగున్న పైపుని పాడైందని చెప్పి, నాసిరకం పైపు బిగించి డబ్బు లాక్కున్నవాళ్ల సంగతి అలా బయటపడింది. ఎవరొచ్చినా ముందు గ్యాస్ పుస్తకం మీదున్న ఏజెన్సీ నంబరుకి ఫోన్ చేసి అడగాలని అందరూ అనుకున్నారు. వచ్చినవాడు చూపించే కార్డు మీది నంబరుకి మాత్రం కాదు. అది ఎత్తేది వాడి మనిషే.

తలుపుకి గొలుసు బిగించారు. కోడలు అమ్మ చేత కిటికీలోంచి ఒక మాట పలికించి అలవాటు చేసింది: ‘ఇప్పుడు వీలుకాదు బాబూ, వెళ్లిరండి.’ మొదట గొంతు పెగల్లేదు. చట్టం కూడా తనవైపే ఉందని తెలిశాక ధైర్యం వచ్చింది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నియమాల ప్రకారం, ఆ కంపెనీల తరఫున అమ్మేవాళ్లు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా ఇంటికి రాకూడదు. కొన్న సరుకులో మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకోవచ్చు.

ఈ ఊళ్లో, ఇలాంటి ఊళ్లలో, పగలంతా పెద్దవాళ్లే ఉండే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. దూరాన ఉన్న కొడుకుల్లారా, కూతుళ్లారా, ఈ రాత్రి అమ్మకి ఫోన్ చేసినప్పుడు, ముక్కూమొహం తెలియనివాళ్లకి తలుపు తీయకపోయినా తప్పులేదని మీ నోటితో చెప్పండి. ఒకవేళ ఇప్పటికే ఏదైనా జరిగి ఉంటే తిట్టకండి. వెంటనే 112కి ఫోన్ చేయండి.