‘రెండొందల యాభై చాలు’: టీకా తాత్పర్య సహితము

మూలము: “అన్నా! రెండు ఫీట్ల తొట్టికి రెండొందల యాభై చాలు. నాలుగొందలు పెడ్తె చాపలు ఉడుకుతయ్.”

అవతారిక: పగడాల తొట్టికి మెటల్ హాలైడ్ దీపం ఎన్ని వాట్లది కొనాలని ఈ వ్యాఖ్యాత అడగ్గా, దిల్‌సుఖ్‌నగర్‌లో అక్వేరియం సామాను అమ్మే ఒకాయన సెలవిచ్చిన వాక్యమిది.

టీక: అన్నా = ఓ అన్నా; సంబోధన ప్రథమ. గల్లాపెట్టె తెరిచే ముందు చుట్టరికం కలపడం ఇక్కడి ఆచారం. రెండు ఫీట్ల = రెండడుగుల లోతు గల. పొడవని అర్థం చెప్పినవారు పొరబడ్డారు. పైనుంచి దిగే వెలుతురు తరిగేది లోతులోనే కదా. రెండొందల యాభై = వాట్లని అధ్యాహారం; రూపాయలని భ్రమపడరాదు. చాలు = వ్యాపారి నోట అరుదు గనుక ఆర్షప్రయోగం. చాపలు = చేపలు; లక్షణచేత పగడాలు కూడా.

‘ఉడుకుతయ్’ అతిశయోక్తి అని పూర్వపక్షం. కాదు, స్వభావోక్తే. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీల నీళ్లు హాయి. మే నెలలో ఎల్బీనగర్ పై అంతస్తు గదిలో దీపం లేకుండానే నీళ్లు ముప్పై దాటుతాయి. ఆపైన 400 వాట్లంటే నెత్తిన ఇస్త్రీపెట్టె వేలాడదీసినట్టే. ఎనిమిది గంటలకు 3.2 యూనిట్లు, 250కైతే రెండే. చోక్ తాగేదీ, చిల్లర్ మింగేదీ వేరు.

పాఠాంతరం: ఎల్బీనగర్ ప్రతిలో “ఎల్ఈడీ ఏస్కో” అని ఉంది. మెట్రోలో మూడో స్టేషన్‌కే పాఠం మారింది. ప్రక్షిప్తమని నా పక్షం. కరెంటు బిల్లు మాత్రం అదే మూలమంటోంది.

విశేషం: మరి 400 ఎవరికి? లోతైన తొట్లలో కొమ్మలు కొమ్మలుగా పెరిగే రాతి పగడాలకు. వాటి ఒంట్లో కాపురముండే సూక్ష్మశైవలాలు వెలుతురుతో వండిపెడితేనే వాటికి కడుపు నిండేది. అయితే రాతి పగడాలన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులి పక్కన కూర్చున్నాయి. ఇంటికి తెస్తే కేసే. మిగిలే మెత్తని మష్రూమ్ పగడాలకు 150 కూడా ధారాళం. కాబట్టి మూలంలోని ‘చాలు’ ఇంకో వంద దిగాలి. మెదక్ దాపు కొల్చారం మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనన్నాడు. నేను రాశాను; 150దే తెచ్చాను.

తాత్పర్యం రాయబోతుంటే కరెంటు పోయి వచ్చింది. ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్ గుర్రుమంది. ఈ దీపం మాత్రం ఒళ్లు చల్లారేదాకా మళ్లీ అంటుకోదు. పది నిమిషాలుగా క్లౌన్ చేప అద్దానికి మూతి ఆనించి నాకేసి చూస్తోంది.